పదిహేను మార్కుల పిల్లలు

మే నెల. వాల్యుయేషన్ క్యాంపు.
సముద్రం అరమైలు దూరంలోనే ఉంది,
గాలి మాత్రం చినవాల్తేరు దాటి రావడం లేదు.
ఎర్ర పెన్నుకి కూడా చెమట.
నా ముందు నలభై జవాబు పత్రాలు,
నలభైలోనూ అదే ప్రశ్న:
విక్టోరియా కాలపు నవలల్లో పిల్లల చిత్రణను చర్చించుము.
పదిహేను మార్కులు.

ఏం రాయాలో అందరికీ తెలుసు.
అమాయకత్వానికి మూడు, ఫ్యాక్టరీలకి మూడు,
జాలికి మూడు, సంస్కరణకి మూడు,
ముగింపు బాగుంటే మిగతావి.
ఇరవై ఏళ్లుగా ఆ పాఠం చెప్పింది నేనే.
పొగగొట్టంలోకి నడుందాకా దూరిన పిల్లాణ్ణి
బోర్డు మీద గీసి మరీ చెప్పాను.
చేతిలో ఉన్నది సుద్దముక్క కదా,
మసి తెల్లగానే వచ్చింది.

ఇరవై మూడో పేపరు
ఇంగ్లీషులో మొదలై రెండో పేజీలో తెలుగులోకి జారిపోయింది.

"అయ్యా లేక అమ్మా,
ఆ నవలల్లో పిల్లలు దగ్గడానికి ఒక లెక్కుంది.
ఎనిమిదో అధ్యాయంలో దగ్గితే పన్నెండులో పోతారు.
పోయేముందు ఎవరో కిటికీ తెరుస్తారు,
వెలుతురొస్తుంది,
చుట్టూ ఉన్నవాళ్లు ఏడ్చి మంచివాళ్లైపోతారు.
పోకుండా మిగిలిన పిల్లల్ని
మెళ్లో గొలుసు చూసి ఒక తాత గుర్తుపడతాడు.
మా చెల్లి హార్బరు దగ్గర రొయ్యల షెడ్డులో
ఐసులో చేతులు పెట్టి మూడేళ్లు దగ్గింది.
పోలేదు.
ఎవరూ గుర్తుపట్టలేదు.
షెడ్డాయన మంచివాడు అవలేదు.
ఇప్పుడు దానికి పెళ్లైంది, ఇంకా దగ్గుతోంది.
దాన్ని ఏ అధ్యాయంలో పెట్టాలో తెలియక
ఈ జవాబు ఇంతటితో ముగిస్తున్నాను."

పక్క బల్ల నుంచి రామజోగి గారు తొంగి చూసి
"తెలుగులో రాసేడా? సున్నా చుట్టీయండి" అన్నారు.

"టీ..."
తీగబుట్టతో వచ్చాడు వాడు.
పేరు గౌరీసు. వయసు పధ్నాలుగు.
వయసు అడక్కుండానే చెప్తాడు, ఎవరో నేర్పించారు.

ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి.
వీడి కళ్లు పెద్దవి చెయ్యకూడదు.
కిటికీ పక్కన నిలబెట్టకూడదు.
మెళ్లో ఏముందో చూడకూడదు.
చూశాను. సింహాచలం తాడు,
మాసి నల్లబడింది, ఏ తాతనీ తీసుకురాదు.
వీడిచేత దగ్గించను.
నన్ను మార్చే మాట ఒక్కటీ
వీడి నోట్లో పెట్టను.

వాడే అన్నాడు:
"బేగి తాగీయండి మేడం, గలాసు కావాల.
నిన్న మీ గదిలోనే ఒకటి తగ్గిపోనాది.
నా కూల్లోంచి పట్టీసినాడు."

బల్ల కింద వంగి చూశాను.
కట్టల వెనక నిన్నటి గ్లాసు.
అడుగున చక్కెర, చక్కెరలో చీమలు,
అంచు మీద ఎర్ర సిరాతో
నా వేలిముద్ర.

వాడు దాన్ని వెలుగుకి ఎత్తి చూసి
"ఇదే" అన్నాడు.
చీమల్ని ఊది, బుట్టలో పెట్టుకున్నాడు.
"పట్టిన డబ్బులు తిరిగిస్తాడా?" అడిగాను.
"ఏటో" అన్నాడు,
అప్పటికే మూడో బల్ల దగ్గరున్నాడు.

పోర్టు వైపు ఏదో ఓడ కూసింది.
ఇరవై మూడుకి పదిహేనూ వేశాను.
కొట్టేసి పన్నెండు వేశాను.
దిద్దుబాటు పక్కన సంతకం పెట్టాను.
ఆ మూడూ ఎందుకు తీశానంటే
చెప్పడానికి నా దగ్గర గైడులో మాటే ఉంది:
ముగింపు బాగులేదు.

ఇరవై నాలుగో పేపరు.
గుండ్రటి రాత, మార్జిన్ కొట్టి, హెడ్డింగు కింద రెండు గీతలు.
"విక్టోరియా కాలపు నవలల్లో పిల్లలు చాలా అమాయకులు."

మూడు మార్కులు.